పసివాడి ముక్కు మీది తెల్లగింజలు నా నుంచి అంటుకున్నవేనా?

గుంటూరు జిల్లా నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు కాబట్టి, విషయం అర్థం కావడానికి ఎంత అవసరమో అంతవరకే ఇక్కడ చెబుతాను.

ఆమెకు 31 ఏళ్లు. ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతారు. ఆరేళ్ల కూతురు ఉంది, ఈ ఏడాది రెండో కాన్పు గురించి భార్యాభర్తలు ఆలోచిస్తున్నారు. రెండేళ్ల క్రితం ఆమెకు రెండు కళ్ల కిందా, బుగ్గల పైభాగంలోనూ ఆవగింజ కన్నా చిన్నవైన తెల్లని గట్టి గింజలు లేచాయి. నొప్పి లేదు, దురద లేదు, చీము లేదు, కానీ అవి పోవడమూ లేదు. చూసినవాళ్లు మొదట వేడి చేసిందన్నారు, తరువాత ఒంట్లో కొవ్వు పెరిగిందన్నారు. దాంతో ఆమె నెయ్యి, గుడ్లు, పెరుగు మానేశారు. ఏడాది కిందట ఒక బ్యూటీ పార్లర్‌లో రెండు గింజలను సూదితో గిల్లించుకుంటే ఒకటి ఊడిపోయింది, రెండోది ఉన్నచోట గోధుమరంగు మచ్చ మిగిలింది. ఆ మచ్చ పోవడానికని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న క్రీమును అయిదు నెలలుగా ప్రతి రాత్రీ ముఖమంతా రాస్తున్నారు. మొదటి నెలలో ముఖం తేటపడి బంధువులు మెచ్చుకున్నారట. ఇప్పుడు రెండు రోజులు మానితే చాలు, చర్మం ఎర్రబడి మండుతోంది. అంతకుముందు 12 ఉన్న గింజలు ఇప్పుడు 20 దాటాయి.

ఇంతవరకూ అయితే ఆమె నాకు రాసేవారు కాదేమో. చెల్లెలు పుట్టింట్లో పురుడు పోసుకుంది. బాబు పుట్టిన మర్నాడే, ఆసుపత్రిలో ఉండగానే, ముక్కు మీదా బుగ్గల మీదా సన్నని తెల్లగింజలు కనిపించాయి. 21వ రోజు బారసాలకు వచ్చిన చెల్లెలి అత్తగారు బాబు ముఖాన్నీ ఈమె ముఖాన్నీ మార్చి మార్చి చూసి, "పెద్దమ్మకు ఉన్నవే వీడికీ అంటుకున్నాయి" అన్నారు. నలుగురిలో అన్న ఆ మాటకు చెల్లెలు బదులు చెప్పలేదు. ఆ రాత్రి తల్లి ఈమెను పక్కకు పిలిచి, "కొన్నాళ్లు ఎత్తుకోకమ్మా, వియ్యపురాలితో మాట ఎందుకు" అన్నారు. అప్పటి నుంచి ఆమె రోజూ బడి నుంచి పుట్టింటికి వెళ్లి, ఉయ్యాలకు దూరంగా కూర్చుని వస్తున్నారు. "ఇవి అంటుకునేవా? అంటుకునేవైతే నా కూతురికి ఎందుకు రాలేదు? అంటుకోనివైతే నేను వాణ్ని ఎందుకు ఎత్తుకోకూడదు? అసలు ఇవి ఎందుకు వస్తాయి, రాకుండా ఏం చేయాలి?" ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరంలో నాలుగు చిక్కులు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి: బాబు ముఖం మీది గింజలు, మీ ముఖం మీది గింజలు, ఆ క్రీము, ఇంట్లో పడిన మాట. వాటిని విడదీసి చూస్తేనే దేనికి ఏం చేయాలో తెలుస్తుంది. మీ మనసు బాబు దగ్గరే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

నవజాత శిశువుల ముక్కు, బుగ్గలు, గడ్డం, నుదురు మీద కనిపించే ఇలాంటి గింజలను వైద్యులు మిలియా అంటారు. లాటిన్‌లో మిలియం అంటే చిరుధాన్యపు గింజ. మనం వరిగలు అనే ధాన్యానికి శాస్త్రీయ నామంలో ఉన్నది కూడా ఈ మాటే. పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మందికి ఇవి ఉంటాయి. చర్మపు పైపొరలో కెరటిన్ అనే గట్టి పదార్థం ఎప్పుడూ తయారవుతూ ఉంటుంది. మన గోళ్లూ వెంట్రుకలూ దానితో ఏర్పడినవే. పాత కణాలు పొట్టులా రాలిపోతుంటే ఈ కెరటిన్ కూడా వాటితో పాటు పోతుంది. అలా బయటపడవలసినది సన్నని నూగు వెంట్రుక మొదట్లో చిక్కుకుని, చుట్టూ పలుచని సంచి కట్టుకుని, ముత్యపు పొడిలా నిలిచిపోతే అదే మిలియా. అందులో చీము ఉండదు, క్రిమి ఉండదు, కొవ్వు ఉండదు. ఒకరి నుంచి మరొకరికి పాకడానికి అందులో ప్రాణమున్నది ఏదీ లేదు. పిల్లల్లో ఇవి కొన్ని వారాల్లో వాటంతట అవే రాలిపోతాయి.

మీ అనుమానానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. బాబు పుట్టిన మర్నాడే నర్సు ఆ గింజలను చూపించిందనీ, ఆ రోజు మీకు బడిలో పరీక్షలు ఉండడంతో మూడో రోజు సాయంత్రం గానీ వాణ్ని చూడలేకపోయాననీ మీరే రాశారు. అంటే మీరు తాకకముందే అవి అక్కడ ఉన్నాయి. బారసాల నాడు అందరూ కలిసి ముఖంలోకి చూశారు కాబట్టి అవి ఆనాడే వచ్చినట్టు అనిపించింది, అంతే. మీ ఇద్దరికీ ఉన్నవి ఒకే జాతివి కావచ్చు, కానీ మీవి వాడికి రాలేదు.

ఇది తెలియక పసివాడి మీద చేయకూడని పనులు జరిగే ప్రమాదం ఉంది కాబట్టి మీ అమ్మగారికి తప్పక చెప్పండి. ఆ గింజలను గోటితో గిల్లడం, గుడ్డతో రుద్దడం, పాలమీగడ పట్టించడం, నలుగుపిండితో ముఖం గట్టిగా నలపడం అవసరం లేదు. మూడు వారాల చర్మం ఆ రాపిడిని తట్టుకోలేదు, గీతలు పడితే వాటి లోంచి క్రిములు లోపలికి పోతాయి. గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో అద్దితే చాలు. ఇలాంటివే కొందరు పిల్లల అంగిట్లోనూ చిగుళ్ల మీదా కనిపిస్తాయి. పుట్టుకతోనే పళ్లు వచ్చాయని పెద్దవాళ్లు కంగారు పడేది చాలాసార్లు వీటిని చూసే, అవీ అలాగే పోతాయి. అయితే గింజల చుట్టూ ఎరుపు, చీము, నీటిపొక్కులు కనిపించినా, జ్వరం వచ్చినా, బాబు పాలు సరిగా తాగకపోయినా అది మిలియా కాదు, ఆ రోజే పిల్లల డాక్టరుకు చూపించాలి. మూడు నెలలు దాటినా తగ్గకుండా ఒళ్లంతా పెరుగుతున్నా చూపించవలసిందే.

ఇక మీ ముఖం సంగతి. మీరు రాసిన లక్షణాలను బట్టి మీవీ మిలియాలే అయ్యే అవకాశం ఎక్కువ. ఎక్కువ అన్నాను గానీ తప్పనిసరిగా అనలేదు. ఉత్తరంలోని వర్ణన చదివి, కన్ను కింది గింజకు పేరు పెట్టడం సరికాదు, ఎందుకంటే ఆ చోట ఒకదాన్ని పోలిన మరొకటి నాలుగైదు రకాలు వస్తాయి. చెమట నాళాల నుంచి పెరిగే సిరింగోమా అనే చిన్న బుడిపెలు సరిగ్గా కింది రెప్పల మీదే, గుంపుగా, ఎక్కువగా ఆడవారిలోనే వస్తాయి. అవి తెల్లగా కాక చర్మం రంగులోనో లేత పసుపుగానో ఉంటాయి, సూదితో గిల్లితే లోపలి నుంచి ఏమీ రాదు. రెప్పల లోపలి మూల దగ్గర పసుపు రంగులో బల్లపరుపుగా పరుచుకునేది జాంథిలాస్మా. కొవ్వుతో సంబంధం ఉన్నది అదొక్కటే, అది కనిపిస్తే రక్తంలో కొలెస్ట్రాల్ చూపించుకోమంటారు. నోరు మూసుకున్న మొటిమలు నుదుటి మీదా గడ్డం మీదా ఎక్కువ. ఎండాకాలంలో మెడ మీదా వీపు మీదా లేచే చెమటకాయలను వైద్యులు మిలియేరియా అంటారు. పేర్ల పోలిక తప్ప వాటికీ మిలియాకూ బంధుత్వం లేదు.

వీటిలో ఏదీ అంటుకునేది కాదు. కానీ రెండు మాత్రం నిజంగానే అంటుకుంటాయి. ఒకటి, వైరస్ వల్ల వచ్చే బల్లపరుపు పులిపిర్లు. గీసుకున్న గీత వెంట అవి వరుసగా లేస్తాయి. రెండోది మొలస్కం. అదీ వైరస్ వల్ల వచ్చేదే, నున్నగా మెరుస్తూ, మధ్యలో బొడ్డులా చిన్న గుంట ఉంటుంది, పిల్లల్లో ఎక్కువ. రెండేళ్లుగా మీ పక్కనే పడుకుంటున్న మీ పాపకు ఒక్కటీ రాలేదన్న మీ వాదనలో బలం ఉంది, లెక్కల టీచరు వాదన అది. అయినా మీ గింజల మధ్యలో గుంట ఉన్నట్టు అనిపించినా, గీత మీద వరుసగా లేచినట్టు కనిపించినా, డాక్టరు చూసేవరకు బాబు ముఖానికి మీ ముఖం ఆనించకండి. అలా లేనప్పుడు ఆ జాగ్రత్త కూడా అక్కరలేదు.

నిజం చెబుతున్నాను, మీ ఉత్తరం చదువుతున్నప్పుడు నాకు గింజల కన్నా ఆ క్రీము గురించే ఎక్కువ బెంగ కలిగింది. ట్యూబు మీది పేర్లు విడిగా రాసి పంపడం మంచిదైంది. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటాసోన్ అనే మూడు మందుల కలయిక అది. మొదటిది రంగు తగ్గిస్తుంది, రెండోది పైపొరను త్వరగా రాల్చి కొత్త చర్మం తెస్తుంది, మూడోది స్టిరాయిడ్. మంగుమచ్చలకు డాక్టర్లు ఈ కలయికను కొన్ని వారాల పాటు, తమ కంటి ముందు ఉంచుకుని వాడతారు. అయిదు నెలలు, ముఖమంతా, ఎవరూ చూడకుండా రాయవలసిన మందు కాదిది. తొలి నెలలో కనిపించిన తేట దాని వల్ల వచ్చినదే, ఇప్పటి ఎరుపూ మంటా దాని వల్ల వచ్చినవే. స్టిరాయిడ్‌కు అలవాటు పడిన చర్మం అది అందకపోతే ఇలాగే తిరగబడుతుంది, మళ్లీ రాస్తే నెమ్మదిస్తుంది, అందువల్ల ఆ క్రీమే మనకు మేలు చేస్తోందని భ్రమ కలుగుతుంది. రానురాను చర్మం పలచబడుతుంది, సన్నని రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, మొటిమలు వస్తాయి, అక్కరలేని చోట నూగు పెరుగుతుంది. కంటి దగ్గర చాలాకాలం రాస్తే కంటిలో ఒత్తిడి పెరగడం, శుక్లాలు రావడం కూడా జరగవచ్చు. ఇంకో సంగతి వింటే మీరు ఆశ్చర్యపోతారు: చాలాకాలం స్టిరాయిడ్ పూసిన చర్మం మీద కొత్తగా మిలియాలు పుట్టడం వైద్యులు ఎరిగిన విషయమే. 12 గింజలు 20 కావడంలో ఈ క్రీము పాత్ర ఉండి ఉండవచ్చు. మచ్చ కోసం తెచ్చుకున్నది మచ్చకు కారణమైన గింజలనే పెంచిందన్నమాట.

ఈ మందును మీకు చీటీ లేకుండా అమ్మినవారు తప్పు చేశారు. స్టిరాయిడ్ పూత మందులను 2018లో కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్ హెచ్ కట్టుబాటు కిందికి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలి. కాబట్టి మోసపోయానని మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. ఇప్పుడు చేయవలసింది ఏమిటంటే, ఈ రాత్రి నుంచే కళ్ల చుట్టూ రాయడం ఆపండి. మిగతా ముఖానికి ఒక్కసారిగా మానాలా, మెల్లమెల్లగా తగ్గించాలా అన్నది చర్మం ఎంత దెబ్బతిన్నదో చూసి డాక్టరు తేల్చవలసిన సంగతి. ఒక్కసారిగా మానితే కొన్ని వారాలు ఎరుపు, మంట ఎక్కువ కావచ్చు. ఆ బాధకు తాళలేకే చాలామంది తిరిగి అదే ట్యూబు అందుకుంటారు. డాక్టరు మంట తగ్గించే మందులు తోడుగా ఇస్తే ఆ వారాలు గడపడం తేలికవుతుంది. ఈ వారంలోనే వెళ్లండి. మీకు గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి దగ్గరే కదా, అక్కడ చర్మవ్యాధుల విభాగం ఉంది. వెళ్లేటప్పుడు ట్యూబు వెంట తీసుకెళ్లండి, ఎన్నాళ్లు రాశారో దాచకుండా చెప్పండి, ఈ ఏడాది రెండో బిడ్డ ఆలోచన ఉందని కూడా మరవకుండా చెప్పండి. ట్రెటినోయిన్, హైడ్రోక్వినోన్ గర్భిణులు వాడవలసినవి కావు కాబట్టి ఈ మాట మందుల ఎంపికనే మార్చేస్తుంది.

బాబు విషయంలో మీరు జాగ్రత్త పడవలసింది నిజంగా ఒకటుంటే అది కూడా ఈ క్రీమే. గింజలు అంటుకోవు, కానీ మీ బుగ్గ మీది పూత వాడి బుగ్గకు అంటుకోగలదు. పసిపిల్లల చర్మం మందును పెద్దవారి చర్మం కన్నా ఎక్కువగా లోపలికి పీల్చుకుంటుంది. ఆ ట్యూబు పూర్తిగా వదిలేసేదాకా, వాణ్ని తాకే ముందు ముఖమూ చేతులూ సబ్బుతో కడుక్కోండి, మీరు రాత్రి పడుకున్న దిండు మీద వాణ్ని పడుకోబెట్టకండి. మీ పాపకూ ఇదే వర్తిస్తుంది.

చర్మం కుదుటపడ్డాక, గింజలు మిలియాలేనని తేలాక, వాటిని ఏం చేయాలన్నది పూర్తిగా మీ ఇష్టం. ఏమీ చేయకుండా వదిలేయడం మొదటి దారి. అవి ప్రాణానికీ కంటికీ చర్మానికీ ఏ హానీ చేయవు, ముదిరి మరో జబ్బుగా మారవు. కానీ పసివాడి గింజల్లా పెద్దవారివి వారాల్లో పోవు. కొన్ని నెలలకు పోవచ్చు, కొన్ని ఏళ్ల తరబడి అలాగే ఉండవచ్చు. స్టిరాయిడ్ ఆగిపోయాక కొత్తవి రావడం తగ్గుతుందేమో చూడడానికైనా మూడు నాలుగు నెలలు ఆగడం మంచిదని నా అభిప్రాయం. ఈ లోపు అద్దంలో చూసుకున్న ప్రతిసారీ మనసు చిన్నబోతుందంటే ఆ నిరీక్షణ మీకు భారమే, కాదనను.

రెండో దారి డాక్టరు చేత తీయించుకోవడం. మీరు పార్లర్‌లో చేయించుకున్నది కూడా సూదితోనే కదా అంటారేమో. మొటిమకు నోరు ఉంటుంది, నొక్కితే లోపలిది బయటికి వస్తుంది. మిలియాకు నోరు లేదు, పైన చర్మపు పొర నిండుగా మూసి ఉంటుంది. ఎంత నొక్కినా చుట్టూ చర్మం నలిగి కమిలిపోతుందే తప్ప గింజ కదలదు. డాక్టరు శుభ్రపరిచిన సన్నని సూది మొనతో ఆ పైపొరను మాత్రం చిన్నగా చీల్చి, మెల్లగా ఎత్తితే లోపలి ముత్యం ఒక్కటిగా బయటికి వస్తుంది. కొన్ని నిమిషాల పని, కావాలంటే ముందుగా తిమ్మిరెక్కించే క్రీము పూస్తారు, చిన్న పక్కు కట్టి వారం రోజుల్లో రాలిపోతుంది. సన్నని కరెంటు మొనతోనో లేజరుతోనో తీసేవారూ ఉన్నారు. వాటివల్ల మన గోధుమరంగు చర్మంలో నల్లమచ్చ మిగిలే ప్రమాదం కాస్త ఎక్కువ కాబట్టి, కన్ను కింద కొద్ది గింజలకు సూదే మేలని నేను అనుకుంటాను. అయితే తీసిన చోట కాకపోయినా పక్కన మళ్లీ కొత్తవి రావచ్చు. ఇప్పుడున్న స్థితిలో, ఎర్రబడి పలచబడ్డ చర్మం మీద తీయించుకుంటే పుండు మానడం ఆలస్యమవుతుంది, మచ్చ పడుతుంది. అందుకే క్రీము సంగతి ముందు తేలాలి.

మూడోది రాత్రిపూట పూసే అడాపలిన్, ట్రెటినోయిన్ వంటి మందులు. ఇవి పైపొరను పలుచన చేసి గింజను వారాలు, నెలల మీద వదిలిస్తాయి. కళ్ల దగ్గర బాగా మండుతాయి, ఎండకు చర్మాన్ని సున్నితం చేస్తాయి, గర్భం ధరించే ఆలోచన ఉన్నవారికి పనికిరావు. పైగా మీరు రాస్తున్న క్రీములో ట్రెటినోయిన్ ఉండనే ఉంది. అయిదు నెలల్లో అది గింజలను తగ్గించలేదంటే, రెండో కాన్పు తలపెట్టిన ఈ సమయంలో ఆ దారి మీద ఆశ పెట్టుకోవడం అనవసరం.

పార్లర్‌లో సూది మాత్రం మళ్లీ వద్దు. ఆ సూది అంతకుముందు ఎవరి చర్మంలో దిగిందో మీకు తెలియదు. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. మూడూ రక్తం అంటిన సూదుల ద్వారా రాగలవు. భయపెట్టడానికి రాయడం లేదు. ఆ సూది కొత్తదో కాదో మీకు గుర్తులేదని రాశారు కాబట్టి, డాక్టరు దగ్గరకు ఎలాగూ వెళ్తున్నారు, రక్త పరీక్ష అవసరమా అని ఒక మాట అడగండి. ఆ గోధుమ మచ్చ మాత్రం గాయానికి చర్మం ఇచ్చిన రంగు, ఎండ తగలకుండా చూసుకుంటే నెలల మీద చాలావరకు వెలిసిపోతుంది. దానికి ప్రత్యేకంగా తెలుపు క్రీము అక్కరలేదు.

రాకుండా ఏం చేయాలని అడిగారు. మీ వంటి వారికి గింజలు ఎందుకు మొదలయ్యాయో చాలాసార్లు కారణం దొరకదు, కాబట్టి నూటికి నూరుపాళ్లు ఆపే ఉపాయం ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. కారణం దొరికే సందర్భాలు కొన్ని ఉన్నాయి: కాలిన గాయమో, బొబ్బలు లేచే జబ్బో, లేజరు చికిత్సో జరిగిన చోట మానుతున్న చర్మం కింద కెరటిన్ చిక్కుకోవడం, ఇందాక చెప్పిన స్టిరాయిడ్లు, ఏళ్ల తరబడి ఎండ దెబ్బ. మీ చేతిలో ఉన్నవి చెబుతాను. కళ్ల చుట్టూ జిడ్డుగా, మందంగా ఉండే క్రీములూ నూనెలూ రాయకండి, చర్మం పొడిబారితే పలుచని మాయిశ్చరైజరు చాలు. కాటుకను రాత్రి పడుకునే ముందు మెత్తగా తుడిచి కడిగేయండి. సున్నిపిండి ఒంటికి వాడుకోండి గానీ కళ్ల కింద రుద్దకండి. అక్కడి చర్మం ముఖంలోకెల్లా పలుచనిది, రాపిడితో గింజ పోదు, నలుపు మాత్రం వస్తుంది. మధ్యాహ్నం ఎండలో బడి నుంచి నడిచి వస్తానని రాశారు, జిడ్డు లేని సన్‌స్క్రీన్ ఉదయం రాసుకుని, గొడుగు వేసుకోండి.

నెయ్యి, గుడ్లు, పెరుగు మానినందువల్ల ఒక్క గింజా తగ్గదు. మిలియాలో ఉన్నది కెరటిన్ అని చెప్పాను కదా, రక్తంలోని కొవ్వుతో దానికి సంబంధం లేదు, ఒంటి వేడితోనూ లేదు. రెండో కాన్పుకు సిద్ధమవుతున్నవారు గుడ్డూ పెరుగూ మానుకోవడం నాకు అసలు నచ్చలేదు. రేపటి నుంచే తినండి.

చివరిది, అన్నిటికన్నా కష్టమైనది, ఇంట్లో పడిన మాట. బాలింత ఇంట్లో గొడవ ఎందుకని మీ అమ్మగారు అనడంలో తప్పుపట్టవలసింది లేదు. ఆమె చిన్నకూతురి కాపురాన్ని కాచుకోవాలని చూశారు, అది పెద్దకూతురికి గుచ్చుకుంది. మీరు ఏమీ అనకుండా ఊరుకోవచ్చు. అప్పుడు ఇంట్లో శాంతి ఉంటుంది. కానీ ఒక ఫలితం గురించి మీరు ఆలోచించినట్టు లేదు. బాబు గింజలు మరికొన్ని వారాల్లో ఎలాగూ రాలిపోతాయి. మీరు దూరంగా ఉన్న ఈ రోజుల్లోనే అవి పోతే, "పెద్దమ్మ ఎత్తుకోవడం మానింది, తగ్గిపోయాయి" అంటారు. అప్పుడు ఒక అనుమానం అనుభవంగా మారి, రేపు మీ రెండో బిడ్డ పుట్టినప్పుడూ వెంట వస్తుంది. కాబట్టి మాట్లాడదలచుకుంటే అవి వాడి ముఖాన ఉండగానే మాట్లాడాలి.

ఆ మాట మీ నోటనే రావాలని లేదు. మీరు వాదిస్తే మీ తప్పు కప్పిపుచ్చుకోవడానికే అన్నట్టు వినిపించవచ్చు, వియ్యపురాలి మనసులో మరో ముడి పడవచ్చు. బాబుకు ఆరు వారాలు నిండగానే టీకాలు వేయించడానికి వెళ్తారు, అప్పుడు పిల్లల డాక్టరును అత్తగారి సమక్షంలో చెల్లెలి చేత అడిగించడం ఒక మార్గం. డాక్టరు నోటి మాటకు ఎవరూ నొచ్చుకోరు. ఇబ్బంది ఏమిటంటే అప్పటికి గింజలు పోయి ఉండవచ్చు. అందుకని ఇప్పుడే రెండు ఫొటోలు తీసి పెట్టమని చెల్లెలికి చెప్పండి, లేదా ఫోనులోనే డాక్టరును అడగమనండి. ఇంకో మార్గం, ఎవరూ లేనప్పుడు చెల్లెలితో మీరే నెమ్మదిగా మాట్లాడడం: నర్సు వీటిని పుట్టిన మర్నాడే చూపించింది గుర్తుందా, నేను వచ్చింది మూడో రోజు కదా అని. ఆరోజు నలుగురిలో ఆమె మౌనంగా ఉండిపోవడం మిమ్మల్ని నమ్మక కాకపోవచ్చు. పచ్చి బాలింత, అత్తగారు ఎదుట, తనకే ఏమీ తెలియని పరిస్థితి. అయితే ఆమె కూడా భయపడుతున్నానని చెబితే, ఆ భయాన్ని కొట్టిపారేయకండి. మీ డాక్టరు చూసి పేరు చెప్పేదాకా వారం రోజులు ఆగుదామని మీరే అనండి. గడువు ఉన్న దూరానికి మనసు సర్దుకుంటుంది, "కొన్నాళ్లు" అన్న మాటకు గడువు లేదు కాబట్టే అది మిమ్మల్ని ఇంత బాధపెడుతోంది.

అవి మిలియాలేనని డాక్టరు చెబితే, చీటీ మీద ఆ మాట తెలుగులో రాయించుకుని అమ్మగారికి చూపించండి. ఆ సాయంత్రం బడి నుంచి నేరుగా పుట్టింటికి వెళ్లి, ముఖం చేతులు శుభ్రంగా కడుక్కుని, ఎవరి అనుమతీ అడగకుండా ఉయ్యాలలోంచి మీ చెల్లెలి కొడుకును ఎత్తుకోండి.